పదో తరగతి ఫలితం ఆరో తరగతిలో మొదలవుతుంది



ఏప్రిల్ నెలాఖరులో పదో తరగతి ఫలితాలు వచ్చే రోజున హైస్కూలు ప్రధానోపాధ్యాయుల ఫోన్లు ఆగకుండా మోగుతాయి. ఎంఈఓ గారు అడుగుతారు, డిప్యూటీ డీఈఓ కార్యాలయం అడుగుతుంది, సర్పంచి గారు అడుగుతారు, పక్క మండలంలో పనిచేసే స్నేహితుడూ అడుగుతాడు. అందరిదీ ఒకే ప్రశ్న: ఎంత శాతం? కొద్ది రోజుల్లో సమీక్షా సమావేశం పెడతారు. తక్కువ వచ్చిన బళ్ల జాబితా తెర మీద వేస్తారు. జాబితాలో తన బడి పేరున్న హెచ్‌ఎం లేచి నిలబడి సంజాయిషీ చెప్పుకోవాలి. వచ్చే ఏడాది నూటికి నూరు తెస్తామని మాటిచ్చి ఇంటికి రావాలి. మర్నాడు బడికెళ్లి ఆ మాటను సబ్జెక్టు టీచర్లకు అప్పజెప్పాలి. టీచర్లు దాన్ని పిల్లలకు అప్పజెబుతారు. పిల్లలకు మాత్రం కింద ఎవరూ ఉండరు.

ఈ వరసలో సరిగ్గా మధ్యన నిలబడ్డ మనిషి ప్రధానోపాధ్యాయుడు. పైనుంచి వచ్చిన ఒత్తిడిని ఉన్నదున్నట్టుగా కిందికి దించేయవచ్చు. లేదా తన దగ్గర ఆపుకుని, దాన్ని పనికొచ్చే ప్రయత్నంగా మార్చి, ఆ తర్వాతే తరగతి గదిలోకి పంపవచ్చు. ఈ రెండో దారి గురించి, ఉద్యోగ జీవితం జిల్లా పరిషత్ హైస్కూళ్లలో గడిపిన మనిషిగా, మీతో మాట్లాడాలనుకుంటున్నాను.

ముందుగా ఒక మాట. ఫలితాల లెక్క అడగడమే తప్పని నేను అనను. ప్రభుత్వ బడికి వచ్చేది కూలీల పిల్లలు, కౌలు రైతుల పిల్లలు, వలస వెళ్లి తిరిగొచ్చిన కుటుంబాల పిల్లలు. వాళ్లకేం వచ్చిందో, ఏం రాలేదో అడిగేవాడు లేకపోతే నష్టపోయేది వాళ్లే. పదో తరగతి పాసైన ధ్రువపత్రం ఆ పిల్లలకు ఇంటర్‌కీ, ఐటీఐకీ, చిన్న ఉద్యోగానికీ తలుపు తెరుస్తుంది. కాబట్టి అడగాల్సిందే. అయితే ఒకే ఒక్క అంకెతో బడి మొత్తాన్ని తూచే అలవాటు మాత్రం బడికి చెరుపు చేస్తోంది.

ఆ అంకెలో ఏమేం కలిసి ఉంటాయో చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పదో తరగతి ఉత్తీర్ణత 94.88 శాతం. కోవిడ్ వల్ల 2020, 2021లలో పరీక్షలు జరగలేదు, అందర్నీ పాస్ చేశారు. 2022లో మళ్లీ పరీక్ష పెడితే ఉత్తీర్ణత 67.26 శాతానికి పడింది. ఒక్క విద్యార్థీ పాస్ కాని బళ్లు ఆ ఏడాది 71. మూడేళ్లలో టీచర్లందరూ ఒక్కసారిగా చదువు చెప్పడం మరిచిపోయారా? బడులు నెలల తరబడి మూతబడ్డాయి. పైగా 2019లో ప్రతి సబ్జెక్టులో 20 మార్కులు అంతర్గత మూల్యాంకనానివి, వాటిని బడిలోనే వేసేవారు. ఆ తర్వాత ఆ 20 మార్కులు తీసేసి, వందకు వంద రాతపరీక్షకే ఇచ్చారు. ఆపైన 2024లో 86.69 శాతం వచ్చింది, 2025లో 81.14 వచ్చింది. ఈ ఎత్తుపల్లాల్లో టీచరు కష్టం వాటా ఎంత, పరీక్ష పద్ధతి వాటా ఎంత, పిల్లల ఇంటి పరిస్థితుల వాటా ఎంత అని విడదీసి చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. అయినా సమీక్షలో మాత్రం అంతా హెచ్‌ఎం ఖాతాలోనే పడుతుంది.

చిన్న బడుల సంగతి మరీ అన్యాయం. పదో తరగతిలో 20 మంది ఉన్న బడిలో ఒక్కొక్క పిల్లవాడి విలువ 5 శాతం. కిందటేడు నూరు, ఈ ఏడు తొంభై అంటే బడి దిగజారిందని అర్థం కాదు, ఇద్దరు తప్పారని అర్థం. ఆ ఇద్దరిలో ఒకమ్మాయి తల్లి జబ్బు పడటం వల్ల సంక్రాంతి తర్వాత బడికే రాలేకపోయి ఉండవచ్చు. పెద్ద బడిలో ఇలాంటి ఇద్దరి సంగతి లెక్కలో కలిసిపోతుంది, చిన్న బడిలో అదే పతాక శీర్షిక అవుతుంది. అందుకే ప్రతి హెచ్‌ఎం తన బడి ఫలితాన్ని కనీసం మూడు, నాలుగేళ్లకు కలిపి చూసుకోవాలి. సమీక్షకు వెళ్లేటప్పుడు ఆ కాగితం వెంట తీసుకువెళ్లాలి.

ఫలితాన్ని బట్టి బడికి విలువ కట్టడం కొత్త సంగతేమీ కాదు. ఇంగ్లండులో 1862లో రాబర్ట్ లో అనే మంత్రి ఒక పద్ధతి తెచ్చారు. ఏటా ఇన్‌స్పెక్టరు బడికొచ్చి ప్రతి పిల్లవాణ్ణీ చదవడం, రాయడం, లెక్కలు, ఈ మూడింటిలో పరీక్షిస్తాడు. తప్పిన ప్రతి అంశానికీ బడి గ్రాంటులో 2 షిల్లింగుల 8 పెన్నీలు కోత. ఏం జరిగిందంటే, ఇన్‌స్పెక్టరు అడిగే పాఠ్యపుస్తకం మొత్తాన్ని పిల్లల చేత కంఠస్థం చేయించారు. పుస్తకం ముందుపెట్టుకుని చదివినట్టే అప్పజెప్పేవాళ్లు. కవి మాథ్యూ ఆర్నాల్డ్ స్వయంగా బడుల ఇన్‌స్పెక్టరు. ఈ పద్ధతి చదువును యాంత్రికం చేస్తోందని ఆయన తన నివేదికల్లో ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. అది పోవడానికి ముప్ఫై ఏళ్లకు పైగా పట్టింది. మద్రాసు ప్రెసిడెన్సీలోనూ, అంటే మన కోస్తా, రాయలసీమ జిల్లాల్లోనూ, ఫలితాలను బట్టి గ్రాంటు ఇచ్చే పద్ధతి నడిచింది. 1882 నాటి హంటర్ కమిషన్ దాన్ని చర్చించింది. 1904లో కర్జన్ ప్రభుత్వం చేసిన విద్యా విధాన తీర్మానంతో దానికి స్వస్తి చెప్పారు.

అంటే మన తాతల తాతలను చదివించిన పంతుళ్లు కూడా ఈ బాధ పడ్డవాళ్లే.

ఇరవై ఒకటో శతాబ్దం మొదట్లో అమెరికా దీన్ని మళ్లీ నెత్తికెత్తుకుంది. 2002 జనవరిలో అధ్యక్షుడు జార్జ్ బుష్ సంతకం చేసిన చట్టం ప్రకారం, 2014 నాటికి దేశంలోని ప్రతి పిల్లవాడూ చదవడంలో, లెక్కల్లో నిర్ణీత స్థాయికి చేరి తీరాలి. ఏటేటా లక్ష్యం అందుకోని బడి మీద ఆంక్షలు. నూటికి నూరు అనే ఆ లక్ష్యం నెరవేరలేదు. 2015లో వేరే చట్టం తెచ్చి దాన్ని పక్కన పెట్టారు. ఆ చట్టం నడిచిన ఏళ్లలో అక్కడి బళ్లలో జరిగినవాటిని పరిశోధకులు ఓపిగ్గా నమోదు చేశారు. మన హెచ్‌ఎంలు అవి తెలుసుకోవాలి. ఎందుకంటే అక్కడ జరిగిన ప్రతి పనికీ మన దగ్గర ఒక తమ్ముడున్నాడు.

మొదటిది, గట్టు మీద పిల్లల సంగతి. జెన్నిఫర్ బూహర్-జెన్నింగ్స్ అనే పరిశోధకురాలు టెక్సాస్‌లోని ఒక ప్రాథమిక పాఠశాలను దగ్గరగా గమనించి 2005లో రాసింది. అక్కడి టీచర్లు పిల్లల్ని మూడు గుంపులు చేశారు. ఎలాగూ పాసయ్యేవాళ్లు, కాస్త చేయి అందిస్తే గట్టెక్కేవాళ్లు, ఎంత చేసినా లాభం లేనివాళ్లు. సమయమంతా మధ్య గుంపుకే పెట్టారు. మూడో గుంపుకు, అంటే అందరికంటే ఎక్కువ సాయం కావలసినవాళ్లకు, అందరికంటే తక్కువ దక్కింది. మన దగ్గర ఏ, బీ, సీ, డీ గ్రూపులని పేరు పెట్టి జనవరి నుంచి జరిపేది దీనికి దగ్గరగానే ఉంటుంది. ముప్ఫై మార్కుల దగ్గర ఊగిసలాడే పిల్లవాడికి 35 దాటించడానికి మనం పడే శ్రమ, పది మార్కుల పిల్లవాడికి అక్షరం కూడబలుక్కునేలా చేయడానికి పడం. శాతం అనే లెక్కలో మొదటిదానికి ఫలం ఉంది, రెండోదానికి లేదు. ఆ లెక్క మనకు అలా నేర్పింది.

రెండోది లోకానికి కనపడని సంగతి. శాతం పెంచడానికి రెండు దారులున్నాయి. పాసయ్యేవాళ్లను పెంచడం ఒకటి, పరీక్ష రాసేవాళ్లను తగ్గించడం రెండోది. తొమ్మిదో తరగతి చివర తండ్రిని పిలిపించి, "మీవాడికి ఇక్కడ కష్టం, టీసీ తీసుకోండి" అనడం, నామినల్ రోల్స్ పంపేటప్పుడు హాజరు లేదనే వంకతో కొన్ని పేర్లు వదిలేయడం, ప్రైవేటుగా కట్టుకోమని సలహా ఇవ్వడం. ఇలా వెళ్లిపోయిన పిల్లవాడు ఏ బడి శాతంలోనూ తప్పినవాడిగా కనపడడు. ఏ ఇటుక బట్టీ దగ్గరో, ఏ మెకానిక్ షెడ్డులోనో కనపడతాడు.

దీనికి విరుగుడు హెచ్‌ఎం చేతిలోనే ఉంది. ప్రతి బడిలో ఒక పుస్తకం పెట్టండి. ఆరో తరగతిలో చేరిన ప్రతి పిల్లవాడి పేరూ అందులో రాయండి. అయిదేళ్ల తర్వాత ఆ పేరు ఎదురుగా ఏమైందో రాయండి: మన బడిలోనే పదో తరగతి పాసయ్యాడు, వేరే బడిలో చేరాడు, మానేశాడు, పెళ్లి చేశారు, జాడ తెలియలేదు. చేరినవాళ్లలో చివరకు ఎంతమంది గట్టెక్కారన్నది మీ బడి అసలు ఫలితం. పై అధికారులు దీన్ని అడగరు. అడగకపోయినా మీరు స్టాఫ్ మీటింగులో చదవండి. ఒక్కసారి ఆ జాబితా బిగ్గరగా చదివితే చాలు, టీచర్ల ముఖాలు మారిపోతాయి. మానేసిన ఫలానా అమ్మాయి ఇంటికి ఎవరైనా వెళ్లారా అని వాళ్లలో వాళ్లే అడుగుతారు.

మూడోది మోసం. అట్లాంటా నగరంలో 2009 పరీక్షల జవాబు పత్రాల మీద తప్పు జవాబు చెరిపి సరైనది దిద్దిన గుర్తులు ఉండాల్సినదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ కనిపించాయి. 2011లో వచ్చిన దర్యాప్తు నివేదిక 44 బళ్లలో 178 మంది పాత్ర ఉందని తేల్చింది. వాళ్లలో 38 మంది ప్రిన్సిపాళ్లు. 2015లో కోర్టు 11 మందిని ముఠా నేరాల చట్టం కింద దోషులుగా నిర్ధారించింది. మన దగ్గర 2022లో ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి ప్రశ్నపత్రాల ఫొటోలు వాట్సాప్‌లో తిరిగాయి. 2023లో తెలంగాణలోనూ అదే జరిగింది. రెండుచోట్లా అరెస్టయినవాళ్లలో టీచర్లున్నారు. వాళ్లను వెనకేసుకురావడం నా ఉద్దేశం కాదు. ఏళ్ల తరబడి పాఠం చెప్పిన మనిషి ఆ పనికి దిగాడంటే, అంతకు ముందు ఎన్ని సమావేశాల్లో ఎవరెవరు ఎలా మాట్లాడి ఉంటారో ఆలోచించమంటున్నాను. ఒక కొలతకు బతుకుతెరువును ముడిపెట్టే కొద్దీ ఆ కొలత చెడిపోతుందని డొనాల్డ్ క్యాంప్‌బెల్ అనే సామాజిక శాస్త్రవేత్త 1970లలోనే హెచ్చరించారు.

ఈ విషయంలో హెచ్‌ఎం మాట సందు లేకుండా ఉండాలి. సెప్టెంబరులోనే స్టాఫ్ మీటింగులో చెప్పేయాలి: "మన బడికి ఎంత శాతం వచ్చినా సరే, జవాబు నేను చెప్పుకుంటాను. పరీక్ష కేంద్రంలో మన పిల్లలకు ఎవరూ ఏమీ అందించకూడదు." ఈ మాట అన్న హెచ్‌ఎం దగ్గర టీచర్లు ఊపిరి పీల్చుకుంటారు. తప్పు చేయమని ఎవరూ నోటితో చెప్పరు కదా. చేయవద్దని కూడా ఎవరూ నోటితో చెప్పకపోవడమే అసలు చిక్కు.

ఇక పనికొచ్చే ప్రయత్నం ఎలా ఉంటుందో చెబుతాను.

పదో తరగతి పిల్లవాడు త్రికోణమితిలో తప్పాడని మనం త్రికోణమితి ఇంపార్టెంట్లు బట్టీ పట్టిస్తాం. అతని ఎస్‌ఏ-1 జవాబు పత్రం తీసుకుని నింపాదిగా చూడండి. సూత్రం సరిగ్గానే రాసి ఉంటాడు. ఆ తర్వాత భిన్నాలను కలపడం దగ్గర ఆగిపోతాడు, లేదా రుణ గుర్తు దగ్గర పొరపడతాడు. అంటే పోయింది త్రికోణమితి కాదు, ఏడో తరగతి. సామాన్య శాస్త్రంలో తప్పిన అమ్మాయికి శాస్త్రం అర్థం కాకపోవడం కంటే, ప్రశ్నను చదివి అర్థం చేసుకోవడమే కష్టంగా ఉంటుంది. మార్కుల జాబితాలో ఇవేవీ కనపడవు, జవాబు పత్రంలో కనపడతాయి. నెలకొక్కసారైనా ఒక సబ్జెక్టు జవాబు పత్రాలు బల్ల మీద పరిచి, ఆ టీచరుతో కలిసి కూర్చునే హెచ్‌ఎంకు బడి గురించి తెలిసినంత, ఏ జూమ్ మీటింగులోని పట్టికలూ చెప్పలేవు. అలా కూర్చున్నప్పుడు టీచరును నిలదీసే ధోరణి మాత్రం పనికిరాదు. "ఈ పిల్లవాడు ఎక్కడ ఆగిపోతున్నాడండీ?" అని అడిగితే చాలు.

ప్రథమ్ సంస్థ వాళ్లు అసర్ పేరుతో చేసే సర్వే మీలో చాలామందికి తెలుసు. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించే లెక్క ఇస్తారు. 2024 సర్వేలో కూడా గ్రామీణ భారతంలోని ఎనిమిదో తరగతి పిల్లల్లో సగం కంటే తక్కువ మందే ఆ లెక్క చేయగలిగారు. మిగతావాళ్లు రెండేళ్లలో పదో తరగతి పరీక్షకు కూర్చుంటారు. వంద రోజుల ప్రణాళిక వేసి, పొద్దున్నే స్టడీ అవర్, సాయంత్రం స్లిప్ టెస్ట్, ఆదివారం కూడా తరగతి పెడితే భాగహారం రాదు. కోతకొచ్చిన చేనుకు ఎరువు చల్లినట్టే ఉంటుంది.

కాబట్టి జూన్‌లో బడి తెరిచిన మొదటి రెండు వారాల్లో ఆరో తరగతి పిల్లలందరినీ ఒక్కొక్కరినీ పిలిచి కూర్చోబెట్టుకోండి. రెండో తరగతి స్థాయి కథ ఒకటి చదివించండి. అప్పు తెచ్చుకుని చేసే తీసివేత ఒకటి, భాగహారం ఒకటి చేయించండి. తన ఇంటి గురించి అయిదు వాక్యాలు రాయించండి. మార్కులు వేయవద్దు, ర్యాంకులు అసలే వద్దు. ఒక నోటుపుస్తకంలో, ఎవరికేం వచ్చు, ఏం రాదు అని రాసుకోండి. ఈ పుస్తకం పైకి పంపాల్సిన పని లేదు. పైకి పంపే ఏ అంకెకైనా రంగులద్దాలనే కోరిక పుడుతుంది, మీ కోసం రాసుకున్నదానికి అది ఉండదు. ఆ తర్వాత రోజుకొక గంట పిల్లల్ని తరగతిని బట్టి కాకుండా వచ్చినదాన్ని బట్టి గుంపులు చేసి చదివించండి. ప్రథమ్ ఇదే పద్ధతిని ఏళ్లుగా నడిపింది. నోబెల్ బహుమతి పొందిన అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో బృందం దాన్ని పరీక్షించి, ఫలితం ఉందని చూపించింది. అక్టోబరులో ఒకసారి, ఫిబ్రవరిలో ఒకసారి మళ్లీ అదే పుస్తకం తెరవండి. ఎవరు ఎంత ముందుకు జరిగారో మీకు పేరుపేరునా తెలుస్తుంది.

ఇక్కడ మన నేల మీదే జరిగిన ఒక ప్రయోగం గురించి చెప్పకపోతే అన్యాయం చేసినవాణ్ణవుతాను. 2005 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని అయిదు జిల్లాల్లో, గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో, కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ సాయంతో దాన్ని నడిపారు. పిల్లల మార్కుల్లో వచ్చిన మెరుగుదలను బట్టి టీచర్లకు బోనస్ ఇచ్చారు. అది సగటున ఏడాది జీతంలో మూడు శాతం దాకా ఉండేది. బోనస్ ఇచ్చిన బళ్లలో పిల్లలు లెక్కల్లో, తెలుగులో నిజంగానే మెరుగయ్యారు. బోనస్‌తో సంబంధం లేని సబ్జెక్టుల్లో కూడా మెరుగయ్యారు. ఫలితాలకు జవాబుదారీ అంటే చెడే జరుగుతుందని వాదించేవాళ్లు ఈ ప్రయోగాన్ని దాటవేయకూడదు. అయితే అక్కడ కొలిచింది ఏమిటో గమనించాలి. గీత దాటినవాళ్ల శాతాన్ని వాళ్లు కొలవలేదు. మొదట్లో ఒక పరీక్ష, ఏడాది చివర ఒక పరీక్ష పెట్టి, మధ్యలో పిల్లలందరూ సగటున ఎంత పెరిగారో కొలిచారు. అట్టడుగున ఉన్న పిల్లవాడు పది మార్కుల నుంచి ఇరవైకి ఎదిగినా ఆ టీచరు లెక్కలో చేరింది. పరీక్ష పెట్టింది బయటివాళ్లు. ప్రశ్నల్లో బట్టీకి లొంగనివీ ఉన్నాయి. నిలబడి సంజాయిషీ చెప్పమన్నవాళ్లు లేరు.

ఇక పై అధికారులతో వ్యవహారం గురించి కొంచెం. సంజాయిషీ నోటీసు వచ్చినప్పుడు చాలామంది హెచ్‌ఎంలు రెండు రకాలుగా జవాబు రాస్తారు. క్షమించండి, వచ్చే ఏడాది మెరుగుపరుస్తాం అని ఒక రకం. పిల్లలు చదవరు, తల్లిదండ్రులు పట్టించుకోరు అని రెండో రకం. రెండూ మానుకోవాలి. జవాబు ఇలా ఉండాలి: మా బడిలో గణితం పోస్టు జూలై నుంచి డిసెంబరు దాకా ఖాళీగా ఉంది, ఫలానా తేదీల్లో సర్దుబాటు కోరుతూ ఉత్తరాలు రాశాం. తప్పినవాళ్లు ఇంతమంది, వాళ్లలో ఆరో తరగతిలో చేరేనాటికి భాగహారం రానివాళ్లు ఇంతమంది, ఇప్పుడు వాళ్లకు వచ్చింది ఇది. ఈ ఏడాది మేము చేయబోతున్నది ఇది, మీ నుంచి కావలసింది ఇది. నేను చూసినంతలో అధికారులందరూ ఈ మాటలకు చెవి ఒగ్గనివాళ్లేమీ కాదు. వాళ్ల పై నుంచీ వాళ్లకు ఒత్తిడి ఉంది, చేతిలో శాతం తప్ప ఇంకేమీ లేదు. మీరు అంతకంటే మంచి సమాచారం ఇస్తే, వాళ్లకూ మాట్లాడటానికి ఏదో దొరుకుతుంది. ఒక మండలంలోని హెచ్‌ఎంలందరూ స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో అనుకుని ఒకే పద్ధతిలో ఈ వివరాలు ఇస్తే, ఆ మాటకు ఇంకా బలం వస్తుంది. ఒక్కడిగా నిలబడినవాడిని సాకు చెబుతున్నాడంటారు. పదిమంది కలిసి చెబితే వినక తప్పదు.

ఫలితాల రోజు గురించి కూడా చెప్పాలి. ఆ రోజు హెచ్‌ఎం చేయాల్సిన మొదటి ఫోను అధికారికి కాదు. తప్పిన పిల్లల జాబితా ముందు పెట్టుకుని, ఒక్కొక్క ఇంటికీ ఫోను చేయాలి. ఫోను లేని ఇంటికి మనిషిని పంపాలి. "నీకేం కాలేదు నాన్నా, వచ్చే నెలలోనో ఆ పై నెలలోనో సప్లిమెంటరీ ఉంది, రాస్తే ఈ ఏడాదే ఇంటర్‌లో చేరవచ్చు, రేపు బడికి రా, ఫీజు మనం కడదాం" అని పిల్లవాడితోనే మాట్లాడాలి, తండ్రితో కాదు. పదిహేను, పదహారేళ్ల పిల్లలు ఆ సాయంత్రం ఒంటరిగా ఉండకూడదు. ప్రతి ఏడూ ఫలితాల తర్వాత పేపర్లలో వచ్చే వార్తలు మనందరం చదువుతున్నాం. మంచి మార్కులు వచ్చిన పిల్లలను అభినందించడానికి మర్నాడూ సమయం ఉంటుంది.

తల్లిదండ్రులు ఈ ప్రసంగం వింటుంటే వాళ్లకూ ఒక మాట. ఊరి మొదట్లో ఫ్లెక్సీ మీద కనిపించే మార్కులు ఆ బడిలో చదివే కొద్దిమంది పిల్లలవి. పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశానికి పిలిచినప్పుడు పనులు మానుకుని రావడం కష్టమే, అయినా రండి. వచ్చి, మా వాడికి ఎన్ని మార్కులు అని అడిగిన తర్వాత ఇంకొకటి అడగండి: మా వాడు తెలుగు పుస్తకం తనంతట తాను చదివి చెప్పగలడా, సంత లెక్క కట్టగలడా? అక్కడే, మీ ముందే చదివించమనండి. ఇలా అడిగే తల్లిదండ్రులున్న ఊళ్లో హెచ్‌ఎం పని సగం తేలికవుతుంది, ఎందుకంటే పై నుంచి శాతం అడుగుతుంటే కింద నుంచి చదువు అడిగేవాళ్లు దొరుకుతారు.

చివరగా టైంటేబుల్. హెచ్‌ఎం చేతిలో నిజంగా ఉన్న అధికారం అదే. నిధులు చేతిలో లేవు, బదిలీలు చేతిలో లేవు, సిలబస్ చేతిలో లేదు. ఎవరు ఏ తరగతికి చెప్పాలో రాసే కాగితం మాత్రం చేతిలో ఉంది. మన బళ్లలో ఆ కాగితం ఎలా రాస్తారో అందరికీ తెలుసు. అందరికంటే బాగా చెప్పే లెక్కల మాస్టారికి పదో తరగతి, ఆ తర్వాతివారికి తొమ్మిది, చివరకు మిగిలినవారికి ఆరు. సర్దుబాటు మీద వచ్చినవారికీ ఆరే. ఎన్నికల పనికో, సర్వేకో టీచరును పంపాల్సి వస్తే ఖాళీగా కూర్చునేదీ ఆరో తరగతే. ఫిబ్రవరిలో పదో తరగతి రివిజన్ కోసం ఆటల పీరియడు, లైబ్రరీ పీరియడు, ప్రయోగశాల పీరియడు పోతాయి. పోయేది పదో తరగతివే కాదు, చిన్న తరగతులవీ పోతాయి, ఎందుకంటే వాళ్ల టీచర్లు కూడా అటే వెళతారు. ఇలా నాలుగేళ్లు ఆకలిగా ఉంచిన పిల్లలకు అయిదో ఏడు విందు పెట్టి, అరగలేదని కోప్పడతాం.

ప్రధానోపాధ్యాయ మిత్రులకు నా విన్నపం. ఈ జూన్‌లో టైంటేబుల్ రాయడానికి కూర్చున్నప్పుడు ముందుగా ఆరో తరగతి గడులు నింపండి. లెక్కలు అందరికంటే బాగా చెప్పే మాస్టారి పేరు అక్కడ రాయండి, తెలుగు అందరికంటే ఇష్టంగా చెప్పే టీచరు గారి పేరు దాని పక్కన రాయండి. మీరు వారానికి చెప్పాల్సిన పీరియడ్లు కూడా అక్కడే తీసుకోండి. పదో తరగతి గడులు ఆ తర్వాత నింపుకోవచ్చు.